ఫొటో ఫోనులో ఉంది... నెగటివ్ ఎక్కడుంది?

ఒక్కచోటే దాచుకుంటే ఒక్కసారే పోతుంది – 'మబ్బు'లో దాచినా తాళంచెవి మన దగ్గరే ఉండాలి

ఇంట్లో పెద్దాయన కాలం చేశారు. పెద్దకర్మ దగ్గర పడింది. గోడకు తగిలించి దండ వేయడానికి మంచి ఫొటో ఒకటి కావాలి. ట్రంకు పెట్టె తెరిచారు. పెళ్లినాటి ఫొటో దొరికింది. సగం చెద తినేసింది. "ఫోనులో తాతయ్యవి బోలెడున్నాయిగా" అన్నాడు మనవడు. నిజమే. సంక్రాంతికి అరుగు మీద కూర్చోబెట్టి తీసినవి, మనవరాలి ఓణీల వేడుకలో తీసినవి, కోతల రోజు గట్టు మీద నిలబెట్టి తీసినవి... చాలానే తీశారు. కాని ఆ ఫోను నాట్ల రోజుల్లో మళ్లో పడింది. బాగు చేయించడం దండగని కొత్తది కొన్నారు. పాత ఫోనుతోపాటే ఫొటోలూ పోయాయి. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు.

ఈ ముచ్చట ఏ ఒక్క ఇంటిదీ కాదు. కాలువలో పడ్డ ఫోను, బస్సులో పోయిన ఫోను, పసివాడు నేలకేసి కొట్టిన ఫోను... ఇలాంటివి ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి. ఫోను పోతే డబ్బు పోయిందని బాధపడేది నాలుగు రోజులే. అందులోని ఫొటోలు పోతే ఆ బాధ ఏళ్ల తరబడి ఉంటుంది. డబ్బు పెడితే ఫోను మళ్లీ వస్తుంది. చనిపోయిన తల్లి ముఖం, బిడ్డ తొలి అడుగు మళ్లీ రావు.

ఇంత జరుగుతున్నా, ఫోనులోని ఫొటోలకు రెండో ప్రతి ఉంచుకోవాలన్న ధ్యాస చాలామందికి లేదు.

స్టూడియో రోజుల్లో...

నిజానికి ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. స్టూడియోల కాలంలో అది తనంతట తానే జరిగిపోయేది. ఫొటో తీయించుకుంటే కార్డు ఇంటికి వచ్చేది. నెగటివ్ చాలాసార్లు స్టూడియోలోనే ఉండిపోయేది. కాగితం కవరులో పెట్టి, దాని మీద నంబరు వేసి, అట్టపెట్టెలో దాచేవారు. ఇంట్లో ఫొటో చిరిగితే స్టూడియోకు వెళ్లి "బాబాయ్, ఫలానా సంవత్సరం మా అన్నయ్య పెళ్లి నెగటివ్ ఉందా?" అని అడిగేవారు. ఉంటే చీకటి గదిలో మరో కార్డు తయారయ్యేది.

అంటే ఫొటో ఒకచోట, దానికి మూలమైన నెగటివ్ మరోచోట. ఇంటికి నిప్పంటుకున్నా స్టూడియోలోది మిగిలేది. స్టూడియో మూతపడినా ఇంట్లో కార్డు మిగిలేది. దానికి ఎవరూ పెద్ద పేరు పెట్టలేదు. ఇప్పుడు దానినే 'బ్యాకప్' అంటున్నారు.

పొలం కాగితాలకూ ఇదే పద్ధతి. దస్తావేజు ఇంట్లో పోయినా రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు దొరుకుతుంది. రైతు కూడా విత్తనమంతా ఒక్క గాదెలో పోసి నిశ్చింతగా ఉండడు. పొలం విషయంలో ఇంత ముందుచూపు ఉన్నవారు ఫొటోల దగ్గరికి వచ్చేసరికి అరచేతిలో పట్టే ఒక్క ఫోనును నమ్ముకుంటున్నారు. సెల్‌ఫోన్ వచ్చాక ఫొటోల సంఖ్య వందల నుంచి వేలకు పెరిగింది. నెగటివ్ మాత్రం మాయమైంది.

నీరు ముంచితే...

కృష్ణా జిల్లావారికి ఈ సంగతి మరొకరు చెప్పనక్కర లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి వచ్చిందని నాటివారు చెబుతారు. ఇల్లే కొట్టుకుపోయిన చోట పెట్టె మిగలదు. పెట్టెలో దాచిన ఫొటో మిగలదు. మనిషీ పోయి, ఆ మనిషి రూపు చూపే కాగితం ముక్క కూడా పోతే ఆ ఇంటికి మిగిలేది పేరు ఒక్కటే.

అది ఏనాటి మాటో అనుకోవడానికి లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, వాంబే కాలనీ వంటి ప్రాంతాలను ముంచింది. రోజుల తరబడి నీరు తీయలేదు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. కింది అంతస్తులో బీరువాలు మునిగిన ఇళ్లలో సర్టిఫికెట్లు, ఆల్బములు నానిపోయాయి.

అయితే 1977కూ 2024కూ ఒక తేడా ఉంది. నాడు ఇంట్లో ఉన్న ఫొటోను ఊరి బయట దాచే దారి సామాన్యుడికి లేదు. నేడు ఉంది. అదే 'క్లౌడ్'.

మబ్బు ఆకాశంలో లేదు

క్లౌడ్ అంటే మబ్బు. పేరు చూసి ఫొటోలు గాలిలో తేలుతుంటాయని అనుకుంటే పొరపాటే. అవి నేల మీదే ఉంటాయి. వేల కంప్యూటర్లు వరుసలుగా అమర్చిన పెద్ద పెద్ద భవనాలు ఉంటాయి. వాటిని డేటా సెంటర్లు అంటారు. అక్కడ రాత్రింబవళ్లు కరెంటు ఉండాలి. యంత్రాలు వేడెక్కకుండా చల్లబరుస్తూ ఉండాలి. ఫోనులో తీసిన ఫొటో నకలు ఇంటర్నెట్ ద్వారా వెళ్లి అక్కడి యంత్రాలలో చేరుతుంది. ఫోను పోయినా కొత్త ఫోనులో అదే మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ కొడితే ఆ ఫొటోలు తిరిగి కనిపిస్తాయి. విశాఖపట్నంలో భారీ డేటా సెంటర్ కట్టనున్నట్లు గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది.

సూటిగా చెప్పాలంటే మబ్బు అనేది ఎక్కడో ఉన్న పెద్ద స్టూడియో. నెగటివ్‌లు అక్కడ దాస్తారు. రసీదు మన దగ్గర ఉంటుంది. ఆ రసీదే మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పని చేసేది ఎక్కువగా గూగుల్ ఫొటోస్. ఇది 2015లో మొదలైంది. మొదట్లో కాస్త నాణ్యత తగ్గించి ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచేవారు. 2021 జూన్ 1 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు ఒక్కో ఖాతాకు ఉచితంగా వచ్చేది 15 జీబీ. అందులోనే జీమెయిల్ ఉత్తరాలు, డ్రైవ్‌లోని కాగితాలు, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. ఆపిల్ ఫోన్లకు ఐక్లౌడ్ ఉంది. అందులో ఉచితం 5 జీబీ. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లోనూ ఉచితం 5 జీబీయే. అంతకు మించితే నెలకో, ఏడాదికో అద్దె కట్టాలి.

15 జీబీ ఎంత? ఒక్కో ఫొటో మూడు ఎంబీ అనుకుంటే సుమారు 5 వేల ఫొటోలు పడతాయి. వీడియోలైతే లెక్క వేరు. ఒక్క నిమిషం వీడియోయే వంద ఎంబీ దాకా తినేస్తుంది. రెండున్నర గంటల వీడియోకే గాదె నిండిపోతుంది.

దాచామనుకుంటున్నారు... దాగడం లేదు

"మా ఫోనులో గూగుల్ ఫొటోస్ ఉంది, అన్నీ అందులోకే పోతాయి" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమా అన్నివేళలా నిజం కాదు. పల్లెల్లో మామూలుగా జరిగే పొరపాట్లు నాలుగున్నాయి.

మొదటిది వైఫై. డేటా ఖర్చు కాకుండా ఈ బ్యాకప్‌ను సాధారణంగా వైఫై ఉన్నప్పుడే జరిగేలా పెడతారు. ఇంట్లో వైఫై లేనివారికి సంవత్సరాలు గడిచినా ఒక్క ఫొటో కూడా పైకి వెళ్లకపోవచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొబైల్ డేటాతో బ్యాకప్ చేయడానికి అనుమతి ఇవ్వాలి. రోజూ ఒకటిన్నర, రెండు జీబీ డేటా వచ్చే రీఛార్జి వేయించుకున్నవారికి రాత్రి పన్నెండు దాటితే ఆనాటి మిగులు ఎటూ పోతుంది. పడుకునే ముందు ఆ మిగులును దీనికి వాడుకోవచ్చు. లేదంటే ఫైబర్ కనెక్షన్ ఉన్న చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడైనా ఆ పని చేసుకోవాలి.

రెండోది వాట్సాప్. పెళ్లి ఫొటోలు, అమెరికాలోని కొడుకు పంపిన మనవడి ఫొటోలు ఎక్కువగా వచ్చేది వాట్సాప్‌లోనే. గూగుల్ ఫొటోస్ మొదట దాచేది కెమెరాతో తీసిన ఫొటోలనే. వాట్సాప్ ఫొటోల ఫోల్డరును విడిగా ఎంచి పెడితేగాని అవి వెళ్లవు. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు నాణ్యత కూడా తగ్గుతుంది. చిన్నగా చూస్తే బాగానే ఉంటుంది. ఫ్రేము కట్టించడానికి పెద్దది చేస్తే మసకబారుతుంది. విలువైన ఫొటోను డాక్యుమెంటుగా పంపమని అడిగితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

మూడోది డిలీట్. ఇదే అన్నిటికంటే ప్రమాదం. ఫోనులో జాగా చాలడం లేదని గూగుల్ ఫొటోస్ తెరిచి పాత ఫొటోలు తుడిచేస్తారు. "పైన ఉన్నాయిగా" అనుకుంటారు. ఇక్కడ తుడిస్తే పైన కూడా తుడిచినట్టే. అలా తుడిచిన ఫొటో చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది. అప్పటికే బ్యాకప్ అయి ఉంటేనే ఆ 60 రోజులు. ఆ లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఎంత ఏడ్చినా రాదు. ఫోనులో మాత్రమే జాగా ఖాళీ చేయడానికి 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే మీట ఉంది. అది పైకి చేరిన ఫొటోలనే ఫోను నుంచి తీసేస్తుంది. అయితే ఆ మీట నొక్కాక మిగిలేది పైనున్న ఒక్క ప్రతే. ఆ సంగతి మరవకూడదు సుమా!

నాలుగోది గాదె నిండటం. 15 జీబీ నిండగానే కొత్త ఫొటోలు పైకి వెళ్లడం ఆగిపోతుంది. ఉత్తరాలు రావడమూ ఆగుతుంది. 'స్టోరేజ్ ఫుల్' అని ఫోను చెబుతూనే ఉంటుంది. అది ప్రకటన కాబోలని పక్కకు నెట్టేస్తారు. నిండిన గాదెను రెండేళ్ల పాటు పట్టించుకోకపోతే అందులో ఉన్నవి కూడా తీసేసే హక్కు తమకు ఉందని గూగుల్ నిబంధనల్లోనే రాసి పెట్టింది. ఉదయపు శుభాకాంక్షల బొమ్మలు, ఒకటికి పది తీసిన సెల్ఫీలు, ఎవరో పంపిన వీడియోలు ఏరి పారేస్తే చాలా ఇళ్లలో సగం జాగా ఖాళీ అవుతుంది.

గాదె నిండిందో లేదో మూత తీసి చూస్తేనే తెలుస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో పైన మూలనున్న గుండ్రటి బొమ్మ మీద నొక్కితే బ్యాకప్ పూర్తయిందో, ఆగిపోయిందో కనిపిస్తుంది. అంతకంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. ఇంట్లోని మరో ఫోనులో అదే ఖాతా తెరిచి నిన్నటి ఫొటో ఉందో లేదో చూడాలి. ఉంటే నిజంగా చేరినట్టు. చూశాక అందులోంచి లాగౌట్ కావడం మరవకూడదు.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఫోను కొన్నరోజు దుకాణంలో కుర్రాడు అడుగుతాడు. "మెయిల్ ఐడీ ఉందా పెద్దాయనా?" "అదేంటి బాబూ?" "సరేలెండి, నేనే చేసి ఇస్తా." రెండు నిమిషాల్లో ఒక మెయిల్ ఐడీ తయారవుతుంది. పాస్‌వర్డ్ కుర్రాడే పెడతాడు. కాగితం మీద రాసివ్వడు. అడిగేవారూ లేరు. ఫోను పనిచేసినంత కాలం ఏ ఇబ్బందీ ఉండదు. పదేళ్ల ఫొటోలు ఆ ఖాతాలోకే చేరతాయి.

ఒకరోజు ఫోను పోతుంది. కొత్త ఫోను తెరిస్తే మెయిల్ ఐడీ అడుగుతుంది. గుర్తు లేదు. పాస్‌వర్డ్ అసలే తెలియదు. ఓటీపీ పంపిద్దామంటే ఆ నంబరు సిమ్ మార్చేసి చాలా కాలమైంది. ఎక్కువ రోజులు వాడకుండా, రీఛార్జి చేయకుండా వదిలేసిన సిమ్ రద్దవుతుంది. అదే నంబరు మరొకరికి వెళ్లవచ్చు. ఫొటోలు అక్కడే భద్రంగా ఉన్నాయి. తీసుకునే దారి మూసుకుపోయింది. లాకరులో బంగారం పెట్టి తాళంచెవి నూతిలో పారేసినట్టు.

ఈ చిక్కుకు విరుగుడు పాత పద్ధతే. ఒక నోటుపుస్తకం తీసుకుని మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ రాసి, పట్టాదారు పాసుపుస్తకం పెట్టే చోటే పెట్టాలి. ఫోను కవరులో మాత్రం పెట్టకూడదు. ఫోను పోతే రెండూ పోతాయి. సిమ్ మార్చినరోజే ఖాతాలోని నంబరు కూడా మార్చాలి. గూగుల్ ఖాతాలో రెండంచెల తాళం పెట్టుకుంటే, ఫోను దగ్గర లేనప్పుడు వాడుకోవడానికి పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. వాటినీ ఆ పుస్తకంలోనే రాసుకోవచ్చు. పుస్తకం ఎక్కడుందో భార్యకో, కొడుక్కో, కోడలికో చెప్పి ఉంచాలి.

ఇంకో మాట. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. పెళ్లి పిలుపు అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకూడదు. అలాంటి వాటితో ఫోనులోకి దొంగలు చొరబడుతున్నారు. ఖాతా వారి చేతికి చిక్కితే డబ్బుతోపాటు ఇంట్లో ఆడవాళ్ల, పిల్లల ఫొటోలూ వారి పాలవుతాయి. ఫోను అమ్మేటప్పుడో, మార్పిడికి ఇచ్చేటప్పుడో ముందు ఫొటోలు పైకి చేరాయని చూసుకుని, తర్వాత ఖాతా తీసేసి, ఫోనంతా తుడిచి ఇవ్వాలి.

మబ్బుకూ నిప్పంటుకుంటుంది

అంత పెద్ద కంపెనీలు చూసుకుంటున్నాయి గదా, ఇక దిగులెందుకు అనుకోవచ్చు. స్టూడియో ఎంత పెద్దదైనా స్టూడియోయే. మూతపడవచ్చు. కాలిపోవచ్చు.

ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే కంపెనీకి డేటా సెంటర్లు ఉన్నాయి. 2021 మార్చి 10న అక్కడ నిప్పంటుకుని ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. మరోచోట ప్రతి ఉంచుకోని ఖాతాదారుల సమాచారం తిరిగి రాలేదు. దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో 2025 సెప్టెంబరు 26న బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే 'జీ డ్రైవ్' అందులో కాలిపోయింది. పోయింది 858 టెరాబైట్లు. అంటే ఎనిమిదిన్నర లక్షల జీబీలకు పైమాటే. దానికి బయట మరో ప్రతి లేదు. ఒక ప్రభుత్వమే ఆ పొరపాటు చేసింది.

మూతపడిన స్టూడియోలూ ఉన్నాయి. మన దేశంలో కుర్రకారు ఒకప్పుడు తెగ వాడిన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసేసింది. ఫొటోలు తీసుకోవడానికి 2016 దాకా గడువు ఇచ్చింది. ఆ గడువు సంగతి తెలియనివారి కాలేజీ రోజుల ఫొటోలు దానితోనే పోయాయి. అమెరికాలోని మైస్పేస్ మూతపడకుండానే పోగొట్టింది. మూడేళ్లకు పైబడిన ఫొటోలు, వీడియోలు, పాటలు యంత్రాలు మార్చేటప్పుడు పోయాయని 2019లో చెప్పింది.

ఎవరూ తెరవని ఖాతాలకూ గండం ఉంది. రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి ఆ నిబంధన అమలులోకి వచ్చింది. ఫొటోలున్న పాత ఖాతాను అప్పుడప్పుడు తెరిచి చూస్తూ ఉండాలి. తలుపు వేసి వదిలేసిన ఇల్లు పాడుబడినట్టే ఇదీ.

మూడు... రెండు... ఒకటి

మరి ఏం చేయాలి? ఫొటోలు తీయడమే వృత్తిగా ఉన్నవారు ఒక సులువైన లెక్క పాటిస్తారు. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ తన పుస్తకం ద్వారా దీనిని ప్రచారంలోకి తెచ్చారు. ప్రతి ఫొటోకూ మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. కనీసం ఒకటి ఇంటి బయట ఉండాలి. మూడు, రెండు, ఒకటి. ఇంతే.

పల్లెలో దీనిని ఇలా సర్దుకోవచ్చు. ఫోనులో ఉన్నది ఒకటి. మబ్బులో దాచింది రెండోది. అది ఊరి బయట ఉన్నట్టే. మూడోది హార్డ్‌డిస్కులో. పెన్‌డ్రైవ్ చవకే గాని ఏళ్ల తరబడి దాచుకోవడానికి దానిని నమ్మలేం. చిన్నది కావడంతో పోగొట్టుకోవడమూ తేలికే. పెళ్లి వీడియో క్యాసెట్లకు బూజు పట్టిన సంగతి, సీడీలు పెడితే ఆడని సంగతి చాలా ఇళ్లకు అనుభవమే. హార్డ్‌డిస్కు కొనేది ఇంటికొకటి కానక్కర లేదు. అన్నదమ్ములు నలుగురూ కలిసి ఒకటి కొని, ఏడాదికోసారి పండక్కి కలిసినప్పుడు అందరి ఫొటోలూ అందులోకి ఎక్కించి, మెట్ట మీద ఉన్న ఇంట్లో దాచవచ్చు. దానినీ ఏడాదికోసారి తెరిచి చూడాలి. మబ్బులో ఉన్నవన్నీ ఒక్కసారిగా దింపుకోవడానికి గూగుల్ 'టేకౌట్' అనే సౌకర్యం ఇచ్చింది.

హార్డ్‌డిస్కు, కంప్యూటరు తమ వల్ల కాదనుకునేవారికి ఇంకో దారి ఉంది. ఏడాదికి పది మంచి ఫొటోలు ఏరి కాగితం మీద ప్రింటు వేయించాలి. వెనక పేర్లు, సంవత్సరం రాయాలి. కరెంటు, పాస్‌వర్డ్, కంపెనీ ఏవీ అక్కరలేకుండా చూడగలిగే ప్రతి అదొక్కటే.

దూరాన ఉన్న పిల్లలతో కలిపి ఆల్బము పెట్టుకోవడం కూడా బాగుంటుంది. హైదరాబాదులో కూతురు, డల్లాస్‌లో కొడుకు, ఊళ్లో అమ్మానాన్న ఒకే ఆల్బములో ఫొటోలు వేసుకోవచ్చు. కాని చూడగలగడం వేరు, ఉండటం వేరు. వేసినవారు తీసేస్తే అందరికీ పోతుంది. నచ్చిన ఫొటోను ఎవరి ఖాతాలో వారు సేవ్ చేసుకుంటేనే అది వారిదవుతుంది.

ట్రంకు పెట్టెలోని ఫొటోల మాట

ఫోనులో ఉన్నవాటికే కాదు, పెట్టెలో ఉన్నవాటికీ రెండో ప్రతి కావాలి. ఇందుకు ఫోనే చాలు. ఎండ నేరుగా పడని పగటి వెలుగులో, కిటికీ పక్కన, ఫొటోను చదునుగా పెట్టాలి. ఫ్లాష్ వేయకుండా నిలువుగా పైనుంచి తీయాలి. అద్దం ఫ్రేములో ఉంటే వీలైనంతవరకు బయటికి తీసి తీస్తే మెరుపు పడదు. అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకకూడదు, చిరుగుతుంది. అద్దం మీదుగానే తీయాలి. ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే ఇంటి ఆల్బము మొత్తం పూర్తవుతుంది.

అలా తీసేటప్పుడు పక్కన నాయనమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టుకోవాలి. ఆ ఫొటోలో మూడో వరుసలో నిలబడిన మనిషి ఎవరో ఆమె ఒక్కరికే తెలిసి ఉంటుంది. ఆమె చెప్పిన పేర్లు రాసి పెట్టకపోతే రేపు ఫొటో మిగిలినా మనిషి మిగలడు.

పిల్లల సర్టిఫికెట్లకు, పత్రాలకు 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన డిజిలాకర్ ఉండనే ఉంది. వరదలో కాగితాలు నానినా అందులోంచి తీసుకోవచ్చు. ఫొటోలకు అలాంటి ఏర్పాటు ఎవరికి వారు చేసుకోవలసిందే.

పోయినవారి ఫోను

ఇంటి యజమాని పోతే ఫోను తాళం తీసేవారు ఉండరు. వేలిముద్ర ఆయనది. పాస్‌వర్డ్ ఆయన మనసులోది. ఇందుకూ ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. గూగుల్ ఖాతాలో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అని ఉంటుంది. ఖాతా ఇన్ని నెలలు కదలకుండా ఉంటే ఫలానావారికి తెలియజేసి, ఫలానావి ఇవ్వండి అని అందులో రాసి పెట్టవచ్చు. పది మంది దాకా పేర్లు ఇవ్వవచ్చు. ఆపిల్ ఫోన్లలో 2021 చివరి నుంచి 'లెగసీ కాంటాక్ట్' పేరుతో ఇలాంటి సౌకర్యమే ఉంది. బ్యాంకు ఖాతాకు నామినీని రాస్తాం. ఫొటోల ఖాతాకూ రాయాలి. పది నిమిషాల పని. పోయాక చేయలేని పని.

ఇవన్నీ ఒక్కరోజులో కావాలని లేదు. ఈ రాత్రి బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో చూస్తే ఒక మెట్టు ఎక్కినట్టు. రేపు పాస్‌వర్డ్ నోటుపుస్తకంలో రాస్తే రెండో మెట్టు. ఆదివారం ట్రంకు పెట్టె తెరిస్తే మూడోది. డిగ్రీ చదివే పిల్లలున్న ఇంట్లో ఇది వారికి అప్పగించదగిన పని. గంటల తరబడి ఫోను చూస్తున్నారని వారిని తిట్టే పెద్దలు, ఆ ఫోనుతోనే ఇంటికి పనికొచ్చే పని ఒకటి చేయమని అడగవచ్చు.

కాలువ గట్టు తెగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఫోను ఎప్పుడు మళ్లో పడుతుందో అసలే చెప్పలేరు. పెద్దాయన ఫొటోకు దండ వేయవలసిన రోజు ప్రతి ఇంటికీ వస్తుంది. ఆరోజు గోడ మీద ఉండవలసింది అరుగు మీద కూర్చుని నవ్వుతున్న తాతయ్య. ఆధార్ కార్డు మీది బొమ్మ కాదు.